ఆన్‌లైన్ గ్రూపుల్లో మీరే రాసిన పాత పోస్టులు వెతికి పట్టుకోవడం ఎలా

సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ సంఘాల మీటింగుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: “ఆ సంగతి నేను గ్రూపులో అప్పుడే రాశాను.” వెంటనే ఎదుటివాళ్ళు “ఏదీ, చూపించండి” అంటారు. ఫోను తీసి ఎంత వెతికినా కనపడదు. చాలాసార్లు పోస్టు ఎక్కడికీ పోయి ఉండదు, వెతికే పద్ధతిలోనే లోపం. గుర్తున్న మాటొకటి సెర్చ్‌లో కొట్టి, రాకపోతే వదిలేస్తాం. తెలుగులో మాటతో వెతకడమే అన్నిటికన్నా బలహీనమైన దారి. ఎవరు రాశారన్నది ముందు, ఎప్పుడు రాశారన్నది తర్వాత, ఏం రాశారన్నది ఆఖరున. ఈ వరసలో పోతే పని జరుగుతుంది.

1. ముందు ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి

ఇప్పటిదాకా వాడిన ఈమెయిల్ ఐడీలు, ఫోన్ నంబర్లు, యూజర్ నేములు అన్నీ రాయండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి బెంగళూరులో కొత్త నంబరు తీసుకున్నవాళ్ళు పాత నంబరును మర్చిపోతారు. అప్పటి గ్రూపులన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి. పాత కంపెనీ మెయిల్‌తో చేరిన గ్రూపులను విడిగా గుర్తుపెట్టండి. ఉద్యోగం మారగానే ఆ మెయిల్ పోతుంది కాబట్టి, ఆ పోస్టులను మీ వైపు నుంచి కాక ఇతర సభ్యుల దగ్గర వెతకాలి.

వాడకుండా వదిలేసిన ఖాతాలకు ముందుగా ఒకసారి లాగిన్ అయి చూడండి. రెండేళ్ళు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను తీసేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. యాహూ మెయిల్ అయితే పన్నెండు నెలలు తెరవకపోతేనే పెట్టె ఖాళీ చేస్తుంది. ఖాతా బతికే ఉంటే మిగతా పని తర్వాత చేసుకోవచ్చు, ఈ ఒక్కటి మాత్రం ఇవాళే చేయండి.

2. తేదీని బిగించడం

“నాలుగైదేళ్ళ కిందట” అన్న జ్ఞాపకం పనికిరాదు, కనీసం మూడు నెలల ఇరుకులోకి తేవాలి. అప్పుడు ఊళ్ళో ఏం జరుగుతోందో గుర్తు తెచ్చుకోవడం ఇందుకు సులువైన దారి. బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఇవి కొండగుర్తులు: విమానాశ్రయం హెచ్ఏఎల్ నుంచి దేవనహళ్ళికి మారింది 2008 మేలో. బయ్యప్పనహళ్ళి, ఎంజీ రోడ్ల మధ్య మొదటి మెట్రో నడిచింది 2011 అక్టోబరు 20న. పెద్ద నోట్ల రద్దు 2016 నవంబరు 8. లాక్‌డౌన్ 2020 మార్చి 25. ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది 2022 సెప్టెంబరులో. వైట్‌ఫీల్డ్‌కు మెట్రో వచ్చింది 2023 మార్చిలో. బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం కొట్టుకున్నది 2024 మార్చిలో. మీ పోస్టు వీటిలో దేనికి ముందు, దేనికి తర్వాత? ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన కాలం చాలావరకు తగ్గిపోతుంది. పిల్లవాణ్ణి స్కూల్లో చేర్చిన ఏడాది, ఇల్లు మారిన నెల కూడా ఇలాగే పనికొస్తాయి. అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకుంటారు కాబట్టి, దాని మీద తేదీ చూస్తే ఇల్లు మారిన నెల తేలుతుంది.

3. మీ మెయిల్ పెట్టె

మెయిల్ ద్వారా నడిచిన గ్రూపుల విషయంలో జనం ఇంటర్నెట్ అంతా గాలిస్తారు, తమ సెంట్ ఫోల్డర్ తెరవరు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. పైగా గ్రూపుకు మీరు పంపిన మెయిల్ తిరిగి మీకే వచ్చినప్పుడు జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్‌లో చూపించదు, కాపీ అప్పటికే సెంట్‌లో ఉందని ఊరుకుంటుంది. కాబట్టి ఇన్‌బాక్స్‌లో వెతికి “లేదు” అనుకోవద్దు.

జీమెయిల్ సెర్చ్‌లో ఇలా కొట్టండి (ఇక్కడ తెలుగులో ఉన్న కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, కోలన్ తర్వాత ఖాళీ లేకుండా టైప్ చేయాలి): ఫ్రమ్:మి టు:గ్రూపు చిరునామా ఆఫ్టర్:2007/01/01 బిఫోర్:2009/01/01. తేదీలో ముందు ఏడాది, తర్వాత నెల, ఆఖరున రోజు. చిరునామా గుర్తులేకపోతే టు: దగ్గర యాహూగ్రూప్స్.కామ్ అనో గూగుల్‌గ్రూప్స్.కామ్ అనో ఇవ్వండి. ఇన్:ఎనీవేర్ కూడా చేరిస్తే స్పామ్, ట్రాష్ కూడా వెతుకుతుంది.

అప్పట్లో గ్రూపు వెబ్ పేజీలోనే నేరుగా టైప్ చేసి ఉంటే మాత్రం సెంట్‌లో కాపీ ఉండదు. అప్పుడు మీకు జవాబిచ్చినవాళ్ళ మెయిళ్ళు వెతకండి. వాళ్ళ జవాబు కింద మీ మాటలు కోట్ అయి ఉంటాయి.

పెట్టె మొత్తాన్ని గూగుల్ టేకౌట్‌తో (గూగుల్‌లో ఉన్న మీ సమాచారాన్ని దించుకునే సౌకర్యం) దించుకుని కంప్యూటర్‌లో వెతుకుదామనుకునేవాళ్ళు ఒక చిక్కు తెలుసుకోవాలి. మెయిళ్ళన్నీ ఒకేచోట కూర్చిన ఎంబాక్స్ ఫైల్ వస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు మాట కొడితే ఒక్కటీ దొరకదు. తెలుగు మెయిళ్ళు చాలావరకు ఆ ఫైల్లో బేస్64 అనే సంకేత రూపంలోకి మారిపోయి, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల్లా ఉంటాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఇంపోర్ట్ చేసి అక్కడ వెతకండి. ఇంకొక సంగతి, టేకౌట్‌లో “గ్రూప్స్” అన్న గడి టిక్ పెడితే మీరు ఓనర్‌గా ఉన్న గ్రూపులే వస్తాయి, మామూలు సభ్యులుగా రాసినవి రావు.

4. మాటతో వెతకాల్సి వస్తే

తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది. జీమెయిల్ లాంటివి పూర్తి మాట కలిస్తేనే చూపిస్తాయి కాబట్టి “బెంగళూరు” అని కొడితే “బెంగళూరులో”, “బెంగళూరుకి” ఉన్న పోస్టులు రావు. “ఇల్లు” కొడితే “ఇంట్లో” రాదు, “ఊరు” కొడితే “ఊళ్ళో” రాదు. వాట్సాప్‌లో మాట మొదలు కలిస్తే చాలు కాబట్టి “బెంగళూ” దాకా కొట్టి ఆపేయడం మేలు.

ఇక వర్ణక్రమం. నీళ్ళు, నీళ్లు వేరు వేరు మాటలుగానే లెక్క. వెళ్ళి, వెళ్లి కూడా అంతే. బెంగళూరు, బెంగుళూరు, బెంగలూరు మూడూ ప్రయత్నించాలి. “సాఫ్ట్‌వేర్” లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. అందుకే పాత ఫోన్‌లో రాసిన మాట కొత్త ఫోన్ సెర్చ్‌కు చిక్కకపోవచ్చు. అలాంటి మాటలు వదిలేసి పొల్లు లేని మాట పట్టుకోండి.

స్మార్ట్‌ఫోన్లలో తెలుగు కీబోర్డు మామూలు కాకముందు చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసేవారు. మీ పోస్టు 2012కి ముందుదైతే తెలుగు లిపిలో వెతికే ముందు ఇంగ్లిష్ లిపిలో వెతకండి. “చాలా” అన్న ఒక్క మాటనే నాలుగు రకాలుగా రాసి ఉంటారు: ఒక ఇంగ్లిష్ ఎ తోనూ, రెండు ఎ లతోనూ, పెద్ద ఎ తోనూ, ఆఖరున ఎ ఒకటో రెండో పెట్టీ. 1990ల నాటి వార్తా గుంపుల్లోనైతే (అప్పటి ఆన్‌లైన్ చర్చా వేదికలు) తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి నడిచేది, దీర్ఘానికి పెద్ద అక్షరం. పెద్ద చిన్న అక్షరాల తేడాను సెర్చ్ సాధారణంగా పట్టించుకోదు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. ఊరి పేరు కూడా చూసుకోండి. బెంగళూరుకు అధికారికంగా ఇంగ్లిష్ స్పెల్లింగ్ మారింది 2014 నవంబరు 1న, అంతకు ముందువి పాత స్పెల్లింగ్‌తోనే ఉంటాయి.

అన్నిటికన్నా నమ్మదగినవి అంకెలు. ఫ్లాట్ నంబరు, మొత్తం, వాహనం నంబరు ఏ లిపిలో రాసినా మారవు. అద్దె అడ్వాన్స్ గురించి రాసి ఉంటే “డిపాజిట్” అని వెతకడం కన్నా 1,50,000 అని ఒకసారి, కామాలు లేకుండా 150000 అని ఒకసారి, 1.5 అని ఒకసారి కొట్టండి. అను అనే డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసి బొమ్మగా పెట్టిన ఆహ్వానాలు, కరపత్రాలు ఏ సెర్చ్‌కీ దొరకవు. వాటిని మీడియా ట్యాబ్‌లో కంటితో చూసుకోవాల్సిందే.

5. వాట్సాప్

“నేను రాసినవి మాత్రమే చూపించు” అనే వడపోత ఇందులో లేదు, ఇబ్బందంతా అక్కడే. గ్రూపు తెరిచి, మూడు చుక్కలు, సెర్చ్. పైన కనపడే క్యాలెండర్ గుర్తు నొక్కి తేదీ ఇస్తే ఆ రోజుకు దూకుతుంది. రెండో మెట్టులో బిగించిన తేదీ ఇక్కడ అక్కరకొస్తుంది. కంప్యూటర్‌కు లింక్ చేసిన వాట్సాప్‌లో పాత చరిత్ర మొత్తం రాదు, అసలు ఫోన్‌లోనే వెతకండి.

మీ మెసేజ్‌లన్నీ ఒకచోట కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి: మూడు చుక్కలు, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్, వితవుట్ మీడియా. మీడియా లేకుండా తాజా 40,000 మెసేజ్‌ల దాకా, మీడియాతో అయితే 10,000 దాకా వస్తాయి. రోజుకు 300 మెసేజ్‌లు పడే అపార్ట్‌మెంట్ గ్రూపులో 40,000 అంటే నాలుగున్నర నెలలకు మించదు. 2019 నాటిది ఎక్స్‌పోర్ట్‌లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, దానికి క్యాలెండరే గతి. ఎవరైనా గ్రూపులో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ అసలు జరగదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన సౌకర్యం ఇది.

వచ్చిన టెక్స్ట్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరవండి. మీ ప్రొఫైల్ పేరు, వెంటనే కోలన్ పెట్టి “ఫైండ్ ఆల్ ఇన్ కరెంట్ డాక్యుమెంట్” నొక్కితే మీ వరసలన్నీ కింద జాబితాగా వస్తాయి. ఒక మెసేజ్‌లో నాలుగు లైన్లు రాసి ఉంటే పేరు మొదటి లైనుకే ఉంటుంది, మిగతా మూడూ జాబితాలో కనపడవు. జాబితాలో వరస మీద డబుల్ క్లిక్ చేసి అసలు చోటికి వెళ్ళి పూర్తిగా చదవండి. ఎవరైనా మీ పేరు పెట్టి కోలన్ కొట్టి ఉంటే అదీ జాబితాలో చేరుతుంది, గమనించుకోండి.

ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ రీస్టోర్ చేయకపోతే అంతకు ముందువి ఆ ఫోన్‌లో ఉండవు. పాత హ్యాండ్‌సెట్ బీరువాలో ఉంటే ఛార్జింగ్ పెట్టి చూడండి, కానీ వాట్సాప్ తీసేసి మళ్ళీ ఎక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు. డిలీటైన మెసేజ్‌లు తెచ్చిస్తామనే యాప్‌లను దగ్గరికి రానివ్వకండి. డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్ చేసిన గ్రూపులో 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పోయినవి ఏ దారిలోనూ రావు.

6. టెలిగ్రామ్

ఈ పనికి ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్నా హాయి. గ్రూపులో సెర్చ్ తెరిస్తే మనిషి బొమ్మ గుర్తు ఉంటుంది. అది నొక్కి సభ్యుల్లో మీ పేరు ఎంచుకుంటే మీరు రాసినవన్నీ వరసగా వస్తాయి. పూర్తి కాపీ కావాలంటే టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పోర్ట్ టెలిగ్రామ్ డేటా. గ్రూపుల కింద “ఓన్లీ మై మెసేజెస్” అన్న గడి టిక్ పెట్టండి. కొత్తగా లాగిన్ అయిన కంప్యూటర్ అయితే భద్రత కోసం ఒక రోజు ఆగమంటుంది. మీటింగు సాయంత్రం ఉందనగా మధ్యాహ్నం మొదలుపెడితే అందదు.

7. ఫేస్‌బుక్ గ్రూపులు

మూడు దారులున్నాయి, తేలికది ముందు. గ్రూపు తెరిచి సభ్యుల జాబితాలో మీ సొంత పేరు నొక్కితే ఆ గ్రూపులో మీరు పెట్టిన పోస్టులు మాత్రమే ఉన్న పేజీ వస్తుంది. గ్రూపు మెనూలో “యువర్ కంటెంట్” కూడా చూడండి. అడ్మిన్ అనుమతించనివి, తీసేసినవి అక్కడ విడిగా ఉంటాయి. “పోస్టు పెట్టాను” అని బల్లగుద్ది చెప్పేవాళ్ళ పోస్టు ఏళ్ళ తరబడి పెండింగ్‌లోనే ఉండిపోయిన సందర్భాలు తక్కువేం కాదు.

రెండోది యాక్టివిటీ లాగ్. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి, యాక్టివిటీ లాగ్, గ్రూపులు, పోస్టులు కామెంట్లు అన్న భాగానికి వెళ్ళి తేదీ వడపోత పెట్టండి. కామెంట్లు వెతికేవాళ్ళకు ఇదొక్కటే సరైన చోటు. సెర్చ్ పెట్టె పోస్టులను తెస్తుంది గానీ వేరేవాళ్ళ పోస్టు కింద మీరు రాసిన కామెంటును చాలాసార్లు తేదు. ప్రైవేటు గ్రూపు నుంచి బయటికొచ్చి ఉంటే లాగ్‌లో వరస కనపడినా నొక్కితే తెరుచుకోదు.

మూడోది సమాచారం దించుకోవడం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అక్కడ మీ సమాచారం ఎక్స్‌పోర్ట్. గ్రూపులు మాత్రమే ఎంచుకుని, మీడియా నాణ్యత తక్కువ పెట్టండి. డేట్ రేంజ్ “ఆల్ టైమ్” ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇటీవలి భాగమే వస్తుంది. ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. ప్రోగ్రాములు చదవడానికి ఉద్దేశించిన జేసన్ ఎంచుకుంటే తెలుగు తెలుగుగా రాదు. ఫేస్‌బుక్ ప్రతి తెలుగు అక్షరాన్నీ మూడు బైట్లుగా విడగొట్టి ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా రాస్తుంది. “త” ఉండాల్సిన చోట ఇ0, బి0, ఎ4 అన్న మూడు కోడ్లు పడతాయి. ఇప్పటికే జేసన్ దించేసి ఉంటే కంగారక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ వాక్యాన్ని లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు బయటికొస్తుంది. దించిన ఫైల్లో మీ కామెంటు ఉంటుంది గానీ దేనికి జవాబుగా రాశారో ఆ పోస్టు ఉండదు. సందర్భం కావాలంటే లాగ్ నుంచే తెరవాలి.

8. రెడ్డిట్, వికీపీడియా, డిస్కోర్డ్

రెడ్డిట్ ప్రొఫైల్ పేజీలో చివరి వెయ్యి దాకానే కనపడతాయి. అంతకు మించి రాసినవాళ్ళు సెట్టింగ్స్‌లో డేటా రిక్వెస్ట్ పెట్టాలి, 30 రోజుల దాకా పట్టొచ్చు. వచ్చే సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చెదిరిపోతుంది. ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా, ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

తెలుగు వికీపీడియా రచ్చబండలోనో చర్చ పేజీల్లోనో రాసినవి మీ మార్పులు చేర్పుల పేజీలో మొదటి రోజు నుంచీ ఉంటాయి. పేరుబరి (పేజీల రకం) వడపోతలో “చర్చ” గానీ “వికీపీడియా” గానీ ఎంచుకుంటే వ్యాసాల్లో చేసిన మార్పులు పక్కకు తప్పుకుంటాయి. డిస్కోర్డ్ సెర్చ్‌లో ఫ్రమ్: తర్వాత మీ పేరు ఇస్తే చాలు.

9. గ్రూపే మూతపడితే

గూగుల్ వాళ్ళ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అక్కడి సొంత సమాచారాన్ని టేకౌట్‌తో దించుకునే వీలు 2016 సెప్టెంబరుతో పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. యాహూ గ్రూప్స్‌లో 2019 అక్టోబరు 28 తర్వాత కొత్తవి ఎక్కించడం ఆపేశారు, ఆ తర్వాత పాతవి తీసేశారు, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూసేశారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం మూసేలోగా అందినంత దించింది. అందులో కొంత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది, ప్రైవేటు గుంపులవి దొరకడం అరుదు.

ఇంకా వెనక్కి, 1990ల్లో అమెరికాలో చదువుకుని తర్వాత బెంగళూరు చేరినవాళ్ళు యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదికలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గుంపులో రాసి ఉండొచ్చు. డేజా న్యూస్ అనే కంపెనీ దాచిన ఆ నిధిని గూగుల్ 2001లో కొన్నది. 2024 ఫిబ్రవరి 22 తర్వాత కొత్తవి చేరడం లేదు గానీ పాతవి గూగుల్ గ్రూప్స్‌లో ఇప్పటికీ వెతకొచ్చు. మెయిల్ చిరునామాలు సగం దాచి చూపిస్తారు కాబట్టి అప్పటి పేరుతో, అప్పటి సంతకం వాక్యంతో వెతకండి. మెయిల్ కింద యూనివర్సిటీ పేరు పెట్టుకునే అలవాటు ఉంటే దాన్నే తాళంచెవిగా వాడుకోండి.

పబ్లిక్ పేజీ చిరునామా తెలిస్తే పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్ ఉంది. అందులో మాటలు కొట్టి పోస్టు వెతకలేరు, చిరునామాయే ఇవ్వాలి. చిరునామా చివర స్లాష్, నక్షత్రం గుర్తు పెడితే దాని కింద భద్రపడిన పేజీలన్నీ జాబితాగా వస్తాయి. గూగుల్ సెర్చ్ ఫలితాల పక్కన ఉండే క్యాష్డ్ లింకు 2024లో తీసేశారు, దాని కోసం చూడొద్దు.

ఇవేవీ ఫలించకపోతే తోటి సభ్యులను అడగండి. మెయిల్ గ్రూపు అంటే మీ పోస్టు ప్రతి సభ్యుడి పెట్టెలోనూ ఒక కాపీ పడినట్టే. పాత మెయిళ్ళు తుడవని పెద్దాయన ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆయనకు మీ అప్పటి మెయిల్ ఐడీ, తేదీల ఇరుకు చెప్పి, మామూలు ఫార్వర్డ్ కాకుండా “ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్” చేయమనండి. అలా చేస్తేనే అసలు తేదీ, హెడర్లు చెక్కుచెదరకుండా వస్తాయి.

10. దొరికాక

స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. ఫేస్‌బుక్‌లో పోస్టు మీది సమయాన్ని నొక్కితే ఆ పోస్టుకే ప్రత్యేకమైన లింకు తెరుచుకుంటుంది, దాన్ని కాపీ చేసుకోండి. కంప్యూటర్‌లో సమయం మీద మౌస్ పెడితే పూర్తి తేదీ కనపడుతుంది. పేజీని పీడీఎఫ్‌గా కూడా దాచండి. అడ్వాన్స్ తిరిగివ్వని ఇంటి ఓనరు మీదో, సంఘం మీదో వ్యవహారం కోర్టుదాకా వెళ్ళేట్టుంటే అసలు ఫోన్‌ను, అసలు మెసేజ్‌ను కదిలించకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తింపు కోడు) కూడా రాయాలి. ఏ ఫైల్‌కు హాష్ తీయాలో వకీలును అడిగాకే ముందుకెళ్ళండి.

వాట్సాప్ ఎక్స్‌పోర్ట్ ఫైల్లో మీ మాటలతో పాటు ఇరుగుపొరుగు అందరి మాటలూ, సేవ్ చేసుకోనివాళ్ళ నంబర్లూ ఉంటాయి. దాన్ని ఎవరికీ పంపకండి, కావాల్సిన వరసలు విడిగా తీసి ఇవ్వండి.

తుడిచేయడానికే వెతుకుతున్నట్టయితే ముందు కాపీ దాచుకుని, తర్వాత పోస్టులు తీసేసి, ఖాతాను ఆఖరున మూయండి. రెడ్డిట్‌లో ఈ వరస తిరగబడితే పేరు చెరిగిపోతుంది గానీ రాసిందంతా అక్కడే ఉంటుంది, తీసేయడానికి మీకు లాగిన్ ఉండదు.